తండ్రి లేని పిల్ల

"నేనీ బట్ట విప్పను. మంచినీళ్ళు కూడా ముట్టను," అంది సీవా. "నా తమ్ముడు పోయాడని తెలిసి వచ్చాను. పోయినవాడి ఇంట్లో ఎలా ఉండాలో అలాగే ఉంటాను."

నిన్న సాయంత్రం గుండెలు బాదుకుంటూ గేటు తోసుకొచ్చిన మనిషి ఇవాళ ఏడుపు మానేసింది. అది ఇంకా ప్రమాదం. ఎరుపూ నలుపూ కలిసిన చావు బట్ట చుట్టుకుని, ఉమ్మడి వాకిలికి నడిమధ్యన పీట వేసుక్కూర్చుంది. ఆ వాకిలి చుట్టూ ఆరు వాటాలున్నాయి. కుళాయికి వెళ్ళాలన్నా, దొడ్లోకి వెళ్ళాలన్నా ఆవిణ్ణి దాటుకునే వెళ్ళాలి. దాటే ప్రతివాళ్ళూ ఓదార్చాలో నవ్వాలో తెలియక, గొంతు సవరించుకుని చల్లగా జారుకుంటున్నారు.

ఆవిడకి కాస్త ఎడంగా, పోయాడనుకున్న ఆ తమ్ముడు అడోమాకో ఉడికిన పెండలం ముక్క చేమాకు కూరలో అద్దుకుని తింటున్నాడు.

"తినరా, తిను," అంది సీవా. "మళ్ళీ ఎవరు పెడతారో ఏమో."

అడోమాకో తలెత్తలేదు. కుమాసీలో, సువామే షెడ్లలో, ట్రోట్రో అనే అద్దె వ్యాన్లకి సీట్లు కుట్టే మనిషి. నోటితో మాట్లాడటం కన్నా సూదితో పని చేయడమే ఎక్కువ అలవాటు.

"వదినా, పొరపాటైపోయిందని నిన్నట్నించి చెప్తూనే ఉన్నాను కదా," అంది అతని భార్య ఫ్రెమా. కుంపటి మీద గిన్నె మాడుతోందని కూడా ఆవిడకి తెలియడం లేదు.

"పొరపాటంటే కూరలో ఉప్పెక్కువ పడటం, ఫ్రెమా. బతికున్న తండ్రిని చంపేసి ఫేస్‌బుక్కులో పెట్టడాన్ని ఏమంటారో నాకు తెలీదు. మీ ఇంట్లో పేరుంటే చెప్పు."

గడప మీద కూర్చున్న కూతురు బిరాగో ఫోను మరోసారి మోగింది. తియ్యలేదు. నిన్నట్నించి ఆ ఫోను అలా మోగుతూనే ఉంది. తెలియనివాళ్ళు ఓదారుస్తున్నారు, తెలిసినవాళ్ళు తిడుతున్నారు. ఆ పిల్ల రాసిందంతా చేస్తే ఒక పేజీ ఉండదు. రోడ్డు ప్రమాదంలో తండ్రి పోయాడు, ఆయన సీట్లు కుట్టి చదివించిన డిగ్రీతో రెండేళ్ళుగా ఉద్యోగం లేక తిరుగుతున్నాను, ఎవరైనా ఒక్క అవకాశం ఇప్పించండి. పట్టా పుచ్చుకున్ననాటి నల్లగౌను ఫోటో ఒకటి దానికి తగిలించింది. వేలమంది చూశారు. చూసినవాళ్ళలో ఎక్కడో దూరాన తేమాలో పళ్ళరసాల కంపెనీ నడిపే లార్టే అనే ఆవిడ ఒకరు. ఆవిడ స్వయంగా వచ్చి, ఈ వాకిట్లోనే, వీడియో తీస్తూ, ఉద్యోగపు కాగితం చేతికిస్తానంది. ఎప్పుడో కాదు, రేపే.

"ఇప్పుడే తీసెయ్యి," అంది సీవా ఆ పిల్ల వైపు తిరిగి. "నా కళ్ళముందు తీసెయ్యి. చావు మాట పడ్డ మనిషి ఆత్మ బెదిరి వెళ్ళిపోకుండా, రేపు మీ నాన్న ఆత్మని కడగాలి. కబురు లోకంలో తిరుగుతుంటే ఆ కడుగుడు దేనికీ పనికిరాదు."

"తీసేస్తే లార్టే మేడమ్ చూస్తారత్తయ్యా. ఎందుకు తీశావని అడుగుతారు."

"అడిగితే చెప్పు. నాన్న లేచొచ్చాడని చెప్పు."

అప్పుడొచ్చాడు బాఫో. ఫ్రెమాకి అన్న, బిరాగోకి మేనమామ. కెజేటియా బజారులో ఫోన్లూ సిమ్ములూ అమ్మే కొట్టు ఉంది. ఆ వాటాకి అద్దె కట్టేది అడోమాకో, మాట చెల్లేది మాత్రం బాఫోది. మా అసాంటేల్లో పిల్లలు తల్లి వంశానివాళ్ళు. తండ్రి పేరు పెడతాడు, బడి ఫీజు కడతాడు, జబ్బు చేస్తే ఎత్తుకుని పరిగెడతాడు. పంచాయితీ వచ్చినప్పుడు మాత్రం మేనమామ కుర్చీలో కూర్చుంటాడు, తండ్రి నిలబడతాడు.

బాఫో కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు.

"వదినగారూ, ఆత్మకి చేయాల్సింది చేద్దాం. ఎవరు కాదన్నారు? గొర్రెని నేనే కొంటాను, సారా సీసా నేనే తెస్తాను. కానీ రేపు వద్దు. వచ్చే శనివారం పెట్టుకుందాం."

"నా తమ్ముడు శనివారం పుట్టాడు. వాడి ఆత్మని శనివారమే కడగాలి. రేపు శనివారం."

"వచ్చేది కూడా శనివారమే కదండీ."

"అప్పటిదాకా శవాన్ని కూర్చోబెట్టి కూడు పెడతావా, బాఫో?"

ఎదురు వాటా కిటికీలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. బాఫో మొహం బిగుసుకుంది.

"మీరు ఒక్క వైపే చూస్తున్నారు. పిల్ల బతుకు నిలబడుతోంది. ఒక్క అబద్ధం. దేశంలో ఎంతమంది ఎన్ని రాస్తున్నారు? ఒకడు చేతులున్నా లేవని రాశాడు. ఇది మా ఇంటి పిల్ల, మా వంశపు పిల్ల. దీని మంచిచెడ్డలు మేం చూసుకుంటాం."

"మీ వంశపు పిల్లకి అబద్ధంలో చంపుకోడానికి మీ వంశపు మనిషి దొరకలేదా? నువ్వున్నావుగా. మేనమామ పోయాడని రాయలేకపోయిందా?"

ఫ్రెమా గిన్నె దింపి మూత పెట్టింది.

"అసలు ఇది మీ మాంపోంగ్ దాకా ఎవరు మోశారు?" అన్నాడు బాఫో. "పిల్ల ఇంగ్లీషులో రాసుకుంది, ఉద్యోగాలిచ్చేవాళ్ళు చూస్తారని. మీ ఊళ్ళో కోకో తోటల్లో తిరిగేవాళ్ళకి దాంతో ఏం పని? గిట్టనివాడెవడో పనిగట్టుకుని పంపాడు. ముందు వాణ్ణి పట్టుకుని అడగండి, తర్వాత పిల్లని అందురుగాని."

సీవా నడుము దగ్గర బట్ట మడతలోంచి ఫోను తీసింది. బాఫోకి ఇవ్వలేదు. లేచి వెళ్ళి బిరాగో ఒళ్ళో పడేసింది.

"మా ఊరి గ్రూపు. ఎవరి నెంబరు మీంచి వచ్చిందో అందరికీ వినపడేలా చదువు."

బిరాగో చూసింది. నల్లగౌనులో తన ఫోటో, దానికింద తను రాసిన అక్షరాలు. పైన పంపినవాడి చిన్న బొమ్మ ఉంది. పాత టోపీ, పక్కకి చూస్తున్న మొహం. చివర నాట్యం చేస్తున్న బొమ్మలు మూడు, చప్పట్లు కొట్టే చేతులు ఒక వరస.



"చదవదు," అంది సీవా. "నేనే చెప్తాను. నా తమ్ముడి నెంబరు. పోయినవాడి ఫోన్లోంచే ఇంట్లోవాళ్ళు కబురు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. అలాగే అనుకున్నాం. ఆ గంతులేసే బొమ్మలేమిటని మా ఊరి పెద్దాయన అడిగితే, పాపం ఏడుపులో వేలు తగిలుంటుందని నేనే సర్దిచెప్పాను."

అందరూ అడోమాకో వైపు చూశారు. అతను పళ్ళెంలో మిగిలిన కూరని వేలితో ఒక పక్కకి చేర్చాడు.

"నేనే పంపాను," అన్నాడు.

"నువ్వా?" అంది ఫ్రెమా.

"అమ్మాయి ఏది పెట్టినా పంపుతాను కదా. మామిడి ముక్కల గురించి రాసినవి కూడా పంపాను. దీంట్లో గౌను ఫోటో ఉంది. కింద వేలమంది బొటనవేళ్ళున్నాయి. ఉద్యోగం వచ్చేసిందేమో అనుకున్నాను." పళ్ళెం పక్కకి జరిపి, "నేనూ ఒక లైకు కొట్టాను," అన్నాడు.

ఇంగ్లీషు చదవడం రాని మనిషి, కూతురి మొహం చూసి మురిసిపోయి, తన చావు కబురు తనే ఊరంతా పంచిపెట్టాడు. వినడానికి నవ్వొచ్చే సంగతే. ఆ వాకిట్లో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు, ఒక్క బాఫోకి తప్ప.

"మరింకేం, వదినగారూ? మా పిల్లని ఆడిపోసుకున్నారు. ఆయన చావు ఆయనే చాటుకున్నాడు."

అడోమాకో లేచాడు. చెంబులో నీళ్ళతో చెయ్యి కడుక్కుని, భుజం మీద తువ్వాలుతో తుడుచుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. బిరాగో అత్త ఫోను అత్త చేతిలో పెట్టేసి అతని వెనకాలే వెళ్ళింది.

గదిలో అడోమాకో మంచం అంచున కూర్చున్నాడు. కూతుర్ని ఎదురుగా కూర్చోమన్నాడు.

"మన మాటలో చదివి చెప్పు."

"వద్దు నాన్నా."

"ఊరంతా చదివారు. నేనొక్కణ్ణే మిగిలాను."

బిరాగో తన ఫోను తెరిచింది. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో లోలోపల చదువుకుని, తమ మాటలో పైకి చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. ఆగినప్పుడల్లా అతను చెయ్యి ఊపాడు, కానియ్యమని.

"ఏ రోడ్డు మీద పోయాను?"

"టెచిమాన్ రోడ్డని రాశాను."

"నాకు అటువైపు పనేముంది?"

"ఏదో ఒక రోడ్డు చెప్పాలి కదా నాన్నా."

"వెంటనే పోయానా, ఆస్పత్రిలో పడున్నానా?"

"వెంటనే."

"అది నయం," అన్నాడు. "మీ అమ్మ ఆస్పత్రుల చుట్టూ తిరగలేదు."

బిరాగోకి ఏడుపొచ్చింది. ఏడిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని, ఏడుపుని కోపంలోకి మార్చుకుంది. మన చదువుకున్న పిల్లలకి ఆ విద్య బాగా వచ్చు.

"రెండేళ్ళు నాన్నా. ఎలా చేయమంటే అలా చేశాను. మంచి ఫోటో పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. కంపెనీలవాళ్ళు ఏదైనా రాస్తే కింద తెలివైన మాట రాయమన్నారు, రాశాను. వారం వారం నీకు తెలిసింది పంచుకో అన్నారు. ఎండబెట్టిన మామిడి ముక్కలు ఎందుకు నల్లబడతాయో, నల్లబడకుండా ఏం చెయ్యాలో ఓపిగ్గా రాశాను. నలుగురు లైకు కొట్టారు. అందులో నువ్వొకడివి, అమ్మొకతె."

"బాగున్నాయవి. రంగులున్నాయి."

"చర్చి హాల్లో శిక్షణకి వెళ్ళానే, అక్కడాయన చెప్పాడు. మీ మార్కులు ఎవరికీ అక్కర్లేదు, మీ కథ చెప్పండి, చదివినవాడి గొంతులో ముద్ద దిగకూడదు అన్నాడు. నా పక్క కుర్చీలో అమ్మాయికి నిజంగానే నాన్న లేడు. అదే రాసింది. నెల తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. నా దగ్గరేం కథ ఉంది? అమ్మ ఉంది, నువ్వున్నావు, మూడు పూటలా తిన్నాం."

"నీకు నాన్న ఉండటం అడ్డొచ్చింది."

అతనా మాట కోపంగా అనలేదు. లెక్క సరిపోయినప్పుడు మనిషి తలూపినట్టు తలూపాడు. బిరాగోకి ఆ తలూపడమే భరించరానిదైంది.

"అలా కాదు నాన్నా."

"నా గురించి మంచి కూడా రాశావన్నారు. అది వదిలేశావేం?"

"రోజంతా షెడ్డులో కుట్టి, ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని పాఠాలు చెప్పేవాడివని."

"నాకు ఇంగ్లీషు రాదుగా."

"రాదు."

"మరి ఎవరాయన?"

బిరాగో ఫోను మంచం మీద బోర్లా పెట్టింది.

"మంచివాడిలా ఉన్నాడు," అన్నాడు అడోమాకో. "అలాంటివాడు పోయాడంటే ఎవరికైనా జాలేస్తుంది. నాకే వేసింది."

బయట సీవా గొంతు, బాఫో గొంతు మళ్ళీ లేచాయి. చివరికి ఒప్పందమేదో కుదురుతున్నట్టుంది. లార్టే రావడం మధ్యాహ్నం కాబట్టి, పొద్దున్నే వాకిట్లో ఆత్మ కడిగేసి, ఆ తర్వాత అడోమాకోని షెడ్డుకి పంపెయ్యాలని బాఫో అంటున్నాడు. పంపెయ్యాలన్న మాట గోడలోంచి స్పష్టంగా వినిపించింది.

"విన్నావా?" అన్నాడు అడోమాకో. "రేపు నేను ఇంట్లో ఉండకూడదట."

"మామయ్య మాట పట్టించుకోకు నాన్నా."

"పట్టించుకోను. మీ మామయ్య చెబితే వెళ్ళను, మీ అత్తయ్య చెబితే ఉండను. నువ్వు చెప్పు. వెళ్ళమంటే వెళ్తాను. నాకేం, షెడ్డులో పనుంది."

చదివేవాళ్ళకి కోపం రావచ్చు, నాకూ వచ్చింది. ఉండు నాన్నా అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆ పిల్ల రెండేళ్ళుగా ఆ గదిలోనే, ఆ మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటోంది. పొద్దున్న ఫోను చూసుకుని, రాత్రి ఫోను చూసుకుని, మధ్యలో వాకిలి ఊడ్చి, ఏం చేస్తున్నావమ్మా అని అడిగినవాళ్ళకల్లా చూస్తున్నానండీ అని చెప్పింది. చూస్తూ చూస్తూ ఆ పిల్లకి ఇరవై ఆరొచ్చాయి. వెళ్ళమని చెప్పడానికి నోరు రాలేదు. ఉండమని చెప్పడానికి ధైర్యం రాలేదు.

అడోమాకో మంచం కింద పెట్టెలోంచి, ఆత్మ కడిగేటప్పుడు కట్టుకునే తెల్లబట్ట తీసి, మడతలు విప్పి, ముక్కిన వాసన వస్తోందేమోనని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మీ అమ్మని దీన్ని కాస్త ఆరెయ్యమను," అన్నాడు.

శనివారం పొద్దున్న అడోమాకో తెల్లబట్ట ఒక భుజం మీదుగా చుట్టుకుని వాకిట్లో పీట మీద కూర్చున్నాడు. పక్క వాటాలవాళ్ళు మర్యాదకి తలుపులు వేసుకున్నారు, కిటికీలు మాత్రం వేసుకోలేదు. పెండలం ఉడకబెట్టి, మెదిపి, ఎర్రనూనె కలిపి, పైన వలిచిన గుడ్లు పెట్టి ఫ్రెమా పళ్ళెం తెచ్చింది. సీవా ఇత్తడి గిన్నెలో ఆకులు ముంచి, తమ్ముడి తల మీదా భుజాల మీదా నీళ్ళు చల్లుతోంది. ఆవిడ ఇంకా చావు బట్టలోనే ఉంది. తమ్ముడు గుడ్డు మింగితేనే ఆత్మ తిరిగొచ్చినట్టు, అప్పుడే విప్పుతానంది.

"ఆత్మా, ఎవరో పిల్లకాయ అన్న మాట పట్టుకుని వెళ్ళిపోకు. ఇదిగో నీ మనిషి, ఇదిగో నీ పీట. వచ్చి కూర్చో. తిను."

"చేత్తో తీసుకుని కొరకరా," అని గుడ్డు అందించింది.

గేటు బయట కారు హారను మోగింది.

బాఫో పరిగెత్తాడు. లార్టే రాత్రే కుమాసీకి వచ్చి హోటల్లో దిగిందట. ఎండెక్కకముందే పని ముగించుకుందామని బయల్దేరిందట. బాఫో ఏదో చెప్పి ఆపబోయాడు గానీ, ఆవిడ ఆగే మనిషిలా లేదు. చేతిలో పూలూ మొహంలో నవ్వూ పట్టుకుని లోపలికొచ్చేసింది. వెనకాల కెమెరా ఎత్తుకుని ఒకాయన.

లార్టే మా మాట అక్రా యాసలో మాట్లాడింది, కానీ తప్పుల్లేకుండా మాట్లాడింది. ముందుగా చావు బట్ట చూసింది. తిన్నగా సీవా దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"మీరేమవుతారమ్మా?"

"పోయినవాడి అక్కని," అంది సీవా, బిరాగో వైపే చూస్తూ.

"ధైర్యంగా ఉండండి," అంది లార్టే. ఆవిడ కళ్ళు నిజంగానే తడిశాయి. అప్పుడు చూసింది పీట మీద కూర్చున్న మనిషిని. తెల్లబట్ట, తడిసిన తల, చేతిలో గుడ్డు.

"ఈయన?"

అందరూ బిరాగో వైపు చూశారు. బిరాగో నోరు తెరిచింది. ఆ తెరిచిన నోట్లోంచి ఏం రాబోయిందో ఆ పిల్లకి కూడా తెలియదు, ఎందుకంటే బాఫో ముందే అందుకున్నాడు.

"వెనక వాటాలో అద్దెకుంటాడండీ. ఇవాళ ఆయన పుట్టినరోజు."

బిరాగో నోరు మూసుకుంది.

"అలాగా," అంది లార్టే. ముందుకొచ్చి, పెద్దవాళ్ళ ముందు వంగినట్టు కాస్త మోకాళ్ళు వంచింది. "చల్లగా ఉండండి నాన్నగారూ."

పెద్దవాళ్ళెవరినైనా అలాగే పిలుస్తాం మేమంతా. అయినా ఆ పొద్దున ఆ వాకిట్లో అతన్ని ఆ పిలుపు పిలిచింది ఆవిడొక్కతే. అడోమాకో తలవంచి అందుకున్నాడు.

కెమెరా ఎత్తుకున్నాయన బిరాగోని గోడ దగ్గర నిలబెట్టాడు. తెల్లబట్ట మనిషి వెనకాల పడుతున్నాడని, పీట కాస్త జరుపుకోమన్నాడు. అడోమాకో జరుపుకున్నాడు. లార్టే సంచీలోంచి కవరు తీసింది.

"ముందు నీకో మాట చెప్పాలి బిరాగో. నీ మామిడి ముక్కల పోస్టు మా ల్యాబులో గోడకి అంటించుకున్నాం, తెలుసా? నిమ్మరసం సంగతి రాశావే, అది మావాళ్ళు చేసి చూశారు. నెలల తరబడి నువ్వు రాసేవన్నీ చదువుతున్నాను."

"మీరా మేడమ్?" అంది బిరాగో. "ఎప్పుడూ లైకు కూడా..."

"నాకా అలవాటు లేదమ్మా. చదివి ఊరుకుంటాను. వచ్చే నెల నిన్ను ఇంటర్వ్యూకి పిలవమని మావాళ్ళకి చెప్పే ఉంచాను. ఇంతలో మీ నాన్నగారి గురించి రాశావు. ఇంక ఆగలేకపోయాను."

ఫ్రెమా చేతిలో పళ్ళెం ఒరిగింది. గుడ్డొకటి దొర్లి నేల మీద పడింది. ఎవరూ వంగి తియ్యలేదు.

బిరాగో తండ్రి వైపు చూసింది. చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. చంపకుండానే వచ్చేదట ఉద్యోగం. ఈ మనిషి బతికుండగానే, ఈ మనిషి లైకులు కొట్టిన ఆ మామిడి ముక్కలతోనే వచ్చేదట. మేడమ్, ఈయన మా నాన్న. అంతే. నాలుగు మాటలు. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోంది. బాఫో కళ్ళతోనే వద్దంటున్నాడు.

"థాంక్యూ మేడమ్," అంది బిరాగో.

లార్టే కవరు ఇవ్వలేదు. గుండెలకి హత్తుకుని నిలబడింది.

"ఇక్కడ కాదు. నాకు పదేళ్ళప్పుడు మా నాన్న పోయాడు. నా మొదటి ఉద్యోగం కాగితం తీసుకెళ్ళి ఆయన సమాధి మీద పెట్టాను. అక్కడ కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు. ఆ రోజే నా బతుకు మొదలైందనిపించింది. నీక్కూడా అది కావాలి బిరాగో. మీ నాన్నగారి సమాధి దగ్గర ఇస్తాను నీకు. పద. ఎక్కడ పెట్టారాయన్ని?"

ఆవిడలో మోసం లేదు, ఆడంబరం లేదు. అదే ఆ వాకిట్లో అందరి ప్రాణాలూ తోడేసింది.

"మాంపోంగ్ అండీ," అన్నాడు బాఫో. "దూరం."

"మాంపోంగ్ దూరమా? నేను తేమా నుంచి వచ్చాను."

"వానలకి దారి బాగుండదండీ."

"నా బండి ఎక్కడికైనా వెళ్తుంది."

"ఇంకా రాయి వేయించలేదు. గుర్తుపట్టడం కష్టం."

"అయితే ఆ రాయేదో నేను వేయిస్తాను," అంది లార్టే. సీవా వైపు తిరిగింది. "మీకు తెలుసు కదమ్మా, తమ్ముణ్ణి ఎక్కడ పెట్టారో?"

"నన్నడక్కమ్మా," అంది సీవా. "పాతిపెట్టినవాళ్ళని అడుగు."

లార్టే ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది. మొదటిసారి ఆవిడ నుదురు ముడిపడింది. కవరు పట్టుకున్న చెయ్యి కాస్త కిందికి దిగింది. బిరాగో ఆ చేతినే చూస్తోంది. కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. ఎవరూ కట్టలేదు.

"బిరాగో," అంది లార్టే నెమ్మదిగా. "మీ నాన్న సమాధి నీకు తెలీదా?"

పీట కదిలిన చప్పుడైంది. అడోమాకో చేతిలో గుడ్డుని కొరక్కుండానే పళ్ళెంలో పెట్టేశాడు. సీవా "ఒరేయ్" అని చెయ్యి చాపింది. ఆ చేతిని మెల్లగా పక్కకి తప్పించి లేచాడు. జారిన తెల్లబట్టని భుజం మీదికి లాక్కున్నాడు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు లార్టేతో. "ఆ వంశంవాళ్ళందర్నీ పెట్టేది ఒక్కచోటే. ఆ దారి నేను చూపిస్తాను. బండిలో చోటుందా?"

"ఉంది నాన్నగారూ. మీకు ఆయన బాగా పరిచయమా?"

"కొద్దిగా."

బాఫో అడ్డం వచ్చాడు. "బావా..." అన్నాడు. అంతలోనే, అద్దెకున్నవాణ్ణి బావా అని పిలిచానని గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నాడు. అడోమాకో అతన్ని దాటుకుని గేటు దాకా వెళ్ళాడు. డ్రైవరు తలుపు తీశాడు. ఎక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగి, గోడ దగ్గరే నిలబడిపోయిన కూతుర్ని పిలిచాడు.

"నువ్వూ రామ్మా, ముందు సీట్లో కూర్చో. రేపెప్పుడైనా నువ్వొక్కదానివే రావాల్సొస్తే దారి తెలియాలి కదా."